అవసరమేది? అనవసరమేది?

(జగిత్యాల పఠనమందిరమున చదువరుల సమావేశమందు చేసిన ప్రసంగపాఠము)



కరోనా కాలమును గూర్చి మాటలాడెదనని చెప్పగానే మన కార్యదర్శిగారు కొంచెము మొగము చిట్లించిరి. “ఆ పీడకల మరల ఎందుకండీ?” అనిరి. వారి మాటలో తప్పులేదు. 2020, 2021 సంవత్సరముల వేసవులను మరచిపోవలెననియే మనమందరమును యత్నించుచున్నాము. బంధుమిత్రులలో ఒకరినైనను పోగొట్టుకొననివారు ఈ సభలో అరుదు. ఆ దుఃఖమును రేపుట నా యుద్దేశము గాదు. కాని మొన్న టవరు కడ ఒక హోటలులో చాయ త్రాగుచుండగా నా చెవినబడిన సంవాద మొకటి నన్నీ విషయమునకు లాగినది.

మాటలాడుచున్న వారిలో ఒకాయన బట్టల వర్తకుడు. రెండవవారు ఉద్యోగవిరమణ చేసిన ఉపాధ్యాయులు. వర్తకుడు, “సారూ, నా దుకాణానికి తాళం ఏపిచ్చిండ్రు, మందు దుకాణానికి తాళం తీపిచ్చిండ్రు. చీరె అనవసరమట, సారా అవసరమట!” అనుచున్నాడు. ఉపాధ్యాయులవారు నవ్వి, “సేఠ్, పానం దక్కింది గదా! బతికుంటె బలుసాకు తిని బతుకొచ్చు” అనిరి. దానికతడు, “నేను తింట సారూ. నా దుకాణంల పనిచేసే పోరగాండ్లు తింటరా?” అని లేచిపోయెను.

ఇన్నేండ్లు గడచినను ఆ వర్తకుని కోపము చల్లారలేదు. లాభము పోయినందులకే కోపమైనచో ఈపాటికి చల్లారియుండెడిది. వర్తకునికి నష్టము క్రొత్త గాదు. ఇది తన మాట ఎవరును అడుగలేదన్న కోపము. అట్టి కోపము ఈ ప్రాంతమున వేలమందికి కలిగెను. అది సహేతుకమా, కాదా యని విచారింపక మరచిపోవుట మంచిది కాదని నాకు తోచినది.

మొదట జరిగినది జరిగినట్లు స్మరింతము. 2020 మార్చి నడుమ కరీంనగరమునకు వచ్చిన విదేశీయుల బృందమొకదానియందు ఈ వ్యాధి బయటపడెను. ఎక్కడనో చీనాదేశమునందున్న రోగమనుకొన్నది బస్సు ప్రయాణమంత దూరమునకు వచ్చెను. మార్చి 22వ తేదీ ఆదివారము జనతా కర్ఫ్యూ. వెంటనే రాష్ట్రమంతట లాక్‌డౌన్. 25వ తేదీనుండి దేశమంతటను. ఆ 25వ తేదీయే శార్వరి నామ సంవత్సర ఉగాది. పచ్చడికి వేపపువ్వు దొరికినది గాని పిల్లలకు క్రొత్తబట్టలు దొరకలేదు. సాయంకాలము ఆరు గంటలకు దుకాణములు మూయవలెను. ఏడు గంటలనుండి మరునాటి ఉదయము ఆరు వరకు ఎవరును వీథిలో నుండరాదు. కొనవలసినది ఇంటికి మూడు కిలోమీటర్ల లోపలనే కొనవలెను. జనులు వినకున్న, కనబడిన వారిని కాల్చు ఉత్తర్వునైనను ఇయ్యవలసివచ్చునని ఆనాటి ముఖ్యమంత్రి చంద్రశేఖరరావుగారే మార్చి 24న హెచ్చరించిరి.

ప్రజలు వినిరి. ఇది మరువరాదు. భయముచేతనే వినిరని నేననను; తమ ఇంటి ముసలివారిని తలచుకొని వినిరి. గ్రామములవారు తామే దారులకు అడ్డముగా ముండ్లకంపలు వేసికొనిరి. కావున ఆనాటి అసంతృప్తిని క్రమశిక్షణ లేని జనుల అల్లరి యని త్రోసివేయుట న్యాయము గాదు.

ఇచ్చట నా సొంత సంగతి యొకటి చెప్పనిండు. ఏప్రిల్ మొదటి వారమున నా కండ్లద్దములు క్రిందబడి పగిలినవి. అద్దముల దుకాణము మూసియున్నది. చౌరస్తాలో నిలుచున్న కానిస్టేబులు, పాపము, ఎండలో మాడుచున్న యువకుడు, మర్యాదగానే, “అద్దాలు మందులల్లకు రావు తాతా, ఇంటికి పో” అనెను. అయిదు వారములు నేను అక్షరము చదువలేదు. వార్తాపత్రికలు అత్యవసరములలో చేరినవి; పత్రిక చదువుటకు వలసిన అద్దములు చేరలేదు; పత్రిక చదువు స్థలమగు ఈ మందిరమునకు తాళము పడెను. మనుమడు చదివి వినిపించెడివాడు గాని, వానికి క్రికెట్ పుట తప్ప తక్కినది అనవసరముగా దోచెడిది. నా కష్టము చిన్నది. మగ్గము ఆగినవాని యెదుట దానిని కష్టమనుటకు సిగ్గగుచున్నది. చిక్కెక్కడ నున్నదో చూపుటకే చెప్పితిని.

ఆ జాబితా వ్రాసినవారు దుర్మార్గులు గారు. తొందరలో వ్రాసిరి, దూరమునుండి వ్రాసిరి. కేంద్ర హోంశాఖవారు మార్చి 24న విడిచిపెట్టిన దుకాణములు: ఆహారము, కిరాణా, పండ్లు, కూరగాయలు, పాలు, మాంసము, చేపలు, పశుగ్రాసము, చౌకధరల దుకాణములు, మందుల దుకాణములు ఎలాగును ఉండనే యున్నవి. సబ్బు కిరాణా యగునా? స్త్రీలకు నెలనెల కావలసిన ప్యాడ్లు కిరాణా యగునా? పసిపిల్లల డయపర్లు? టార్చిలైటు బ్యాటరీ? ఇవన్నియు కిరాణాయేయని చెప్పుటకు మార్చి 29వ తేదీ ఉత్తరము రావలసివచ్చెను. అత్యవసరమైనను కాకున్నను సరకులన్నిటిని లారీలలో తరలింపవచ్చునని అదే ఉత్తరము చెప్పెను. అనగా బట్టల మూట లారీలో రావచ్చును, దుకాణములో విప్పరాదు! విద్యార్థుల పాఠ్యపుస్తకముల దుకాణములకును, ఫంకాల దుకాణములకును ఏప్రిల్ 21న అనుమతి దొరికెను. గోదావరి యొడ్డున ఏప్రిల్ ఎండ నెరిగినవాడెవడైనను ఫంకా అవసరమని మార్చిలోనే చెప్పియుండును. ఢిల్లీకి నాలుగు వారములు పట్టెను.

ఇంకొక విచిత్రము. ఫోనులో సరకులు బేరమాడి ఇంటికి పంపు పెద్ద కంపెనీలు ఏప్రిల్ 20నుండి అన్నిరకముల వస్తువులను అమ్మవచ్చునని మొదట ప్రకటించిరి. మేము దుకాణములు మూసికొని కూర్చుండగా వారు అమ్ముటయేమని చిన్న వర్తకుల సంఘములు మొరపెట్టుకొనగా, ఆ గడువునకు ఒక దినము ముందు, 19వ తేదీన, ఆ అనుమతిని రద్దుచేసిరి. రద్దు న్యాయమే. కాని ఉదయ మొకటి సాయంకాల మొకటిగా మాట మారినచో సామాన్యుడేమి గ్రహించును? వస్తువులో రోగమున్నదా, దుకాణములో నున్నదా, అధికారి కలములో నున్నదా యని సందేహించును.

మాస్కు చరిత్ర చూడుడు. ఫిబ్రవరిలో దాని నడిగినవాడు లేడు. మార్చి 13న కేంద్రప్రభుత్వము దానిని, చేతులకు రాచుకొను శానిటైజరును అత్యవసర వస్తువులుగా ప్రకటించెను. కావున అవసరమన్నది వస్తువులో పుట్టిన గుణము గాదు. కాలమునుబట్టి, స్థలమునుబట్టి, ముఖ్యముగా అడుగుచున్నది ఎవరన్నదానినిబట్టి మారును. జాబితా వ్రాసినవారు అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇది కొనకున్న కొనువాడు బ్రతుకునా? అమ్మకున్న అమ్మువాడు బ్రతుకునా, చేయకున్న చేయువాడు బ్రతుకునా యన్న ప్రశ్నలను అడుగలేదు. కొను ఊళ్లకు మొదటి ప్రశ్న చాలును. చేయు ఊళ్లకు చాలదు. మన చుట్టుప్రక్కల నున్నవి చేయు ఊళ్లు.

సిరిసిల్ల సంగతి చూడుడు. అచ్చట 25 వేలకు పైబడిన మరమగ్గములున్నవి, వారు సాంచాలందురు. నూలు తెచ్చి ఇచ్చు సేట్లు, నాలుగో ఎనిమిదో సాంచాలు పెట్టుకొని కూలికి నేయించు ఆసాములు, రాత్రింబవళ్లు వంతులవారీగా నిలుచు కార్మికులు, వైపని వార్పిను పనివారు, ఇంట కండెలు చుట్టు స్త్రీలు. ఇట్లొక ఊరంతయు ఒక్క దారముమీద వ్రేలాడుచున్నది. చీర కొనువానికి అనవసరమే, ఒప్పుకొందును. బీరువాలో పది చీరలున్న యింట పదునొకండవది లేకున్న నష్టమేమి? కాని నేయువానికి వారమువారము కూలి. సాంచా ఆగిన వారమున కూలి లేదు. బట్టల దుకాణము మూసియున్నచో సేటు సరకు తీసికొనడు. సరకు కదలనిది నూలు రాదు. నూలు రానిది సాంచా నడువదు. జగిత్యాల బజారులో వేసిన తాళము సిరిసిల్ల బి.వై. నగరులో పొయ్యిమీద పడును.

మన శాసనములోని వింత యొకటి. 1955 నాటి అత్యవసర వస్తువుల చట్టమునకు అనుబంధముగా నున్న పట్టికలో మందులు, ఎరువులు, ఆహారపదార్థములు, పెట్రోలియము మున్నగువానితోపాటు ‘కేవలము ప్రత్తితో చేసిన చిలపనూలు’ చేరియున్నది. అనగా చేమగ్గపు నూలు దేశమునకు అత్యవసరమని శాసనకర్తలు ఎన్నడో గుర్తించిరి. దానితో నేసిన పంచె మాత్రము 2020లో అనవసరమయ్యెను. మరమగ్గమున నెక్కు పాలిస్టరు దారమునకు ఆ గౌరవమును లేదు. 2017 మొదలు కొన్ని సంవత్సరములు రాష్ట్రప్రభుత్వమే బతుకమ్మ చీరలను, ఏటికి కోటి వరకు, సిరిసిల్లలో నేయించినది. చీర నేతగానికి ప్రాణాధారమని ప్రభుత్వమునకు తెలియదనుటకు వీలులేదు. తెలిసియే ఆ జాబితాను చూచి ఊరకుండెను.

ప్రభుత్వము ఏమియు చేయలేదనుట అన్యాయము. తెల్లకార్డు గలవారికి తలకు 12 కిలోల బియ్యము, ఇంటికి 1,500 రూపాయలు ఇచ్చిరి. ఆ బియ్యము అనేక కుటుంబములను నిలిపినది. కాని బియ్యము ఇంటి కిరాయి కట్టదు. బ్యాంకు కిస్తులకు మూడు నెలల గడువు ఇయ్యవచ్చునని రిజర్వుబ్యాంకు మార్చి 27న ప్రకటించెను. సాంచా కొనుటకు చేబదులిచ్చిన వడ్డీవ్యాపారికి రిజర్వుబ్యాంకు మాట వినబడదు గదా!

కోరుట్లది ఇంతకంటె కఠినమైన ప్రశ్న. అచ్చట ఇంటింట చాట ఒడిలో పెట్టుకొని తునికాకు కత్తిరించి తంబాకు నింపి బీడీలు చుట్టు తల్లులున్నారు. మగవారిలో అనేకులు దుబాయి, మస్కటులలో నున్నారు. ఏప్రిల్ 15 నాటి ఉత్తర్వు మద్యము, గుట్కా, పొగాకు అమ్మకములను నిషేధించెను. ఊపిరితిత్తులను తిను రోగము ప్రబలియుండగా పొగ త్రాగవద్దనుట తప్పని ఎవడనగలడు? నేననలేను. కాని అమ్మకము ఆగినది గనుక ఆకు తంబాకు ఇచ్చువాడు రాలేదు; వెయ్యి బీడీలకు ఇంతయని వచ్చు కూలి నిలిచెను. అదే సమయమున గల్ఫునుండి వచ్చు పైకమును సన్నగిల్లెను. రావలెనన్నను విమానములు లేవు. వస్తువు చెడ్డదేయైనను దానిని చేయు చేయి చెడ్డది గాదు. అమ్మకమును ఆపిన కలమే ఆ కూలికి బదులేమి ఇచ్చెదమో ప్రక్కనే వ్రాసియుండవలసినది. వ్రాయలేదు.

ఇక మన జగిత్యాల. చైత్రవైశాఖములు పెండ్లిండ్ల నెలలు. ముహూర్తము పెట్టుకొనిన యిండ్లవారు ఏమి చేసిరో మీకు నాకంటె బాగుగా తెలియును. 2020 ఏప్రిల్ 26న అక్షయతృతీయ. బంగారపు దుకాణముల ముందర కుక్కలు పండుకొనినవి. పుస్తెమట్టెలకు వెనుకదారిని కంసాలి యింటికి పోయిరి. బట్టలకు షట్టరు సగము దించిన దుకాణములో దూరిరి. దూరగలిగినవారెవరు? దుకాణదారుని ఫోన్ నంబరు తెలిసినవారు. చౌరస్తాలో ఎవరైనను ఆపినచో పేరు చెప్పుకొనదగిన బంధువున్నవారు. లేనివాడు మూసిన షట్టరు చూచి మరలిపోయెను, లేదా పదిరూపాయలదానికి ఇరువది ఇచ్చెను. నిషేధము అందరిమీదను సమానముగా పడినచో జనులు ఓర్తురు. కొందరిమీదనే పడినచో అది నిషేధము గాదు, అపహాస్యము.

ఆ అపహాస్యము సంపూర్ణమైనది మే నెలలో. దేశమును రంగులుగా విభజించిరి. మన జిల్లాయు సిరిసిల్ల జిల్లాయు నారింజరంగులో పడినవి. మే 5న ముఖ్యమంత్రిగారు ప్రకటించినదేమన, మునిసిపాలిటీలలో దుకాణములు సగము మాత్రమే వంతులవారీగా తెరువవలెను. మద్యపు దుకాణములు మరునాటినుండి తెరచుకొనును. చవుక మద్యముమీద నూటికి 11, తక్కినదానిమీద 16 వంతున ధర పెంచిరి. పొరుగు రాష్ట్రములు తెరచినవి గనుక మేమును తెరచితిమనిరి. బట్టల దుకాణములను తెరచిన పొరుగువారిని చూచి ఈ తర్కమును ఏల వాడలేదో తెలియదు. ఖజానాకు అవసరమైనదే అవసరమని ఆనాడు ప్రజలు గ్రహించిరి. హోటలులో ఆ వర్తకుడు కక్కిన కోపమునకు వేరు ఇచ్చటనే యున్నది.

మరుసటి ఏడు మరల అంతే. 2021 మే 12నుండి లాక్‌డౌన్. ఉదయము ఆరునుండి పది వరకు మాత్రమే దుకాణములు. ఈమారు అవసర అనవసర భేదము దాదాపు పోయినది గాని, నాలుగు గంటలలో ఊరంతయు బజారున పడెను. రంజాను పండుగ మే 14న. నెలంతయు ఉపవాసముండి పిల్లలకు ఒక జత బట్టలు కొందమనుకొన్నవారికి మిగిలినవి రెండు ఉదయములు. ఆ గుంపులో దూరమెక్కడిది, మాస్కెక్కడిది? రోగము సోకకుండుటకు పెట్టిన గడియలే జనులను ఒకచోటికి త్రోసినవి. మే 31నుండి గడువును మధ్యాహ్నము ఒంటిగంట వరకు పొడిగించిన పిమ్మట గుంపు పలుచబడెను. మొదటనే ఏల చేయరాదో!

ఈ ఉత్తర్వులలో కొన్నిటికి ఆధారమైన శాసనమేదో ఎరుగుదురా? 1897 నాటి అంటువ్యాధుల చట్టము. బొంబాయిలో ప్లేగు పుట్టినప్పుడు తెల్లదొరలు తొందరతొందరగా చేసిన నాలుగు సెక్షన్ల చట్టమది. అధికారికి ఏది అవసరమని తోచిన అది చేయవచ్చును. సదుద్దేశముతో చేసినదానికి అతనిమీద దావా లేదు. పూనాలో సైనికులు ఇండ్లలో చొరబడి సామానులు వీథిలో వేసి తగులబెట్టిరి. ఆ కోపాగ్నిలో ప్లేగు అధికారి ర్యాండు 1897 జూన్ 22 రాత్రి తుపాకిదెబ్బ తినెను. ‘కేసరి’లో వ్రాసిన వ్రాతలకు బాలగంగాధర తిలకుగారికి పదునెనిమిది నెలల శిక్ష పడెను. హత్యను మెచ్చుకొనుట నా పని గాదు. మనము గమనింపవలసినది వేరు. ప్లేగును అరికట్టరాదని తిలకుగారెన్నడును అనలేదు; రోగులకు ఆసుపత్రి పెట్టించుటలో తామే పూనుకొనిరి. వారి ఆక్షేపణ పద్ధతిమీద. జనులను అడుగక జనులమీద చేయుటమీద. స్వరాజ్యము వచ్చి డెబ్బది సంవత్సరములు దాటినను అదే చట్టమును తీసి దుమ్ము దులిపి వాడుకొంటిమి. దొరలకు మనలను అడుగవలసిన అక్కర లేకుండెను. మనము ఎన్నుకొన్నవారికిని లేకపోవుట ఏమి?

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చినది గాదు. బ్రిటనులోని వేల్స్ దేశమున 2020 అక్టోబరు 23నుండి పదునేడు దినములు మూసివేత విధించిరి. పెద్ద అంగళ్లు తిండి అమ్మవచ్చును, బట్టలు, ఆటవస్తువులు, కాగితములు అమ్మరాదనిరి. చిన్న దుకాణములు మూసియుండగా పెద్దవారు అవే సరకులు అమ్ముట న్యాయము గాదన్నది వారి హేతువు. మన చిన్న వర్తకుల మొర వంటిదే. కాని అంగడివారు అరలకు ప్లాస్టిక్ పరదాలు కట్టిరి. శీతకాలపు ముంగిట బిడ్డకు చొక్కా ఎదుట కనబడుచున్నది, కొనరాదు! ముప్పదిలక్షల జనులున్న ఆ చిన్న దేశమున 67 వేలమందికి పైగా అర్జీపై సంతకములు చేసిరి. ఒక అంగడిలో స్త్రీకి ప్యాడ్లు అమ్మమనిరి. పిదప పొరపాటని క్షమాపణ చెప్పిరి. అక్కడి ప్రభుత్వము దినములలోనే మాట సవరించుకొని, నిజముగా అవసరమున్నవానికి అమ్ముటలో విచక్షణ చూపుడని అంగళ్లవారికి చెప్పెను. వారికిని జాబితా వ్రాయుట చేతకాలేదని సంతోషింప నక్కరలేదు. అర్జీ పెట్టుకొనుటకు ఒక చోటుండెను, దానిని లెక్కించుటకు ఒకరుండిరి. కోరుట్లలో బీడీలు చుట్టు తల్లి అర్జీ ఎక్కడ పెట్టవలసినది?

మన తప్పునుగూడ చెప్పకున్న ఈ ప్రసంగము ఏకపక్షమగును. చీర అనవసరమని అధికారి అన్నప్పుడు మండిపడితిమి గాని, పనిమనిషిని రావద్దన్న నెలలో ఆమె జీతమును అనవసరమనుకొన్నవారు మనలో లేరా? దుకాణములు తెరువుడని అరచి, తెరచిన మొదటిదినమున ఒకరిమీద నొకరు పడి కొన్నది మనమే. 2021 మే 11న రేపటినుండి మూసివేతయని తెలియగానే మద్యపు దుకాణముల ముందు బారులు తీరినవారు పరదేశీయులు గారు. ఇంతకును మూసివేతయే తప్పని నేను చెప్పుటలేదు. ఆనాడు మందు లేదు, టీకా లేదు. మూయవలసినదే. ఏది మూయవలెనో, ఎంతసేపో, మూసినవాని పొయ్యికి ఏమి సమకూర్పవలెనో ఆ ఊరివారిని అడిగి చేయవలసినది. సిరిసిల్ల నేతసంఘములను, కోరుట్ల బీడీ కార్మికులను, మన బజారు వర్తకులను కలెక్టరు కచేరిలో ఒక పూట కూర్చుండబెట్టినచో ఢిల్లీకి నాలుగు వారములకు తోచినది మనకు నాలుగు గంటలలో తోచియుండెడిది. రోగము లేని కాలముననే ఆ జాబితా వ్రాసి మునిసిపాలిటీలో ఉంచుకొనుటకు అడ్డమేమియు లేదు.

అందులకు కావలసిన సమాచారము మన జ్ఞాపకములో మాత్రమే యున్నది, అదియును చెరగిపోవుచున్నది. కార్యదర్శిగారి అనుమతితో ఈ మేజాపై ఒక లావు నోటుపుస్తకము పెట్టితిని. ఆ వారములలో మీకు దొరకనిదేది, అమ్ముడుపోనిదేది, ఏ వారమున కూలి ఆగెను, ఎన్నటికి మరల వచ్చెను, తేదీతో వ్రాయుడు. చదువురాని వారిని వెంటబెట్టుకొని వచ్చి వారి మాటను మీరు వ్రాయుడు. సిరిసిల్లకును కోరుట్లకును ఇట్టి పుస్తకములే పంపుటకు కార్యదర్శిగారు ఒప్పుకొనిరి. మొదటి పుటలో నా కండ్లద్దముల సంగతి వ్రాసియుంచితిని. రెండవ పుటను బట్టల వర్తకునికై విడిచితిని. నేటి సాయంకాలము వచ్చెదనన్నాడు. కలము త్రాటితో కట్టబడియున్నది, దయచేసి ఎవరును తీసికొనిపోకుడు.